పసుపు చీటీ చెప్పే కబురు

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి తేదీ తెలియాలంటే ఏం చేసేవాళ్లో గుర్తుందా? తెర అడుగున కుడివైపు గంటలు, నిమిషాలు మాత్రమే కనిపించేవి. మౌస్ బాణాన్ని తీసుకెళ్లి ఆ గడియారం మీద ఒక్క క్షణం ఆపితే చిన్న పసుపు చీటీ ఒకటి పైకి లేచి వారం, తేదీ, నెల, సంవత్సరం చెప్పేది. స్టార్ట్ బటన్ మీద ఆపితే 'మొదలుపెట్టాలంటే ఇక్కడ క్లిక్ చేయండి' అని ఇంగ్లీషులో పలకరించేది. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ప్రత్యేకంగా నేర్పకుండానే అందరికీ అలవాటైపోయిన ఆ చీటీ పేరు టూల్‌టిప్.

అడగనిదే మాట్లాడదు. అడిగితే ఒక్క ముక్కలో చెప్పి తప్పుకుంటుంది. ఇంటికొచ్చే చుట్టాల్లో కూడా ఇలాంటివాళ్లు అరుదే.

బటన్‌కి టూల్‌టిప్ తగిలించడం ప్రోగ్రామర్‌కి నిమిషం పని. కానీ ఓ జాబితాలో వెయ్యి పేర్లున్నాయి, ఒక్కో పేరు మీద బాణం ఆపితే ఒక్కో చీటీ రావాలి అన్నారనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు తిప్పలు. చూడ్డానికి చిన్న పనే. అందులో ఎన్ని మెలికలున్నాయో, ఒక మెలిక తప్పితే కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఏం జరుగుతుందో తెలిస్తే మాత్రం చిన్నదనిపించదు.

బుడగలతో మొదలు

1991లో యాపిల్ కంపెనీ మెకింతోష్ కంప్యూటర్ల కోసం సిస్టమ్ 7 తెచ్చింది. అందులో 'బెలూన్ హెల్ప్' అని ఓ సదుపాయం ఉండేది. మెనూలోకి వెళ్లి దాన్ని ఆన్ చేస్తే, బాణం దేని మీదికి వెళితే దాని గురించి బొమ్మల కథల్లో పాత్రలు మాట్లాడినట్టు ఓ బుడగ తేలేది. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, అది ఆన్ చేశాక బాణం ఎటు కదిలినా బుడగే. పని చేసుకోనివ్వదు. కొత్తలో ముచ్చటపడి ఆన్ చేసినవాళ్లే విసుగెత్తి ఆపేశారు. చివరికి 2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్‌లో ఆ బుడగలు పోయి చిన్న పసుపు చీటీలే మిగిలాయి.

మైక్రోసాఫ్ట్ దారి వేరు. 1995 ఆగస్టులో విండోస్ 95 విడుదలయ్యే నాటికి టూల్‌టిప్ అనేది విండోస్‌లోనే ఓ తయారు సరుకు అయింది. ఏ ప్రోగ్రామ్ రాసేవాళ్లయినా తీసుకుని వాడుకోవచ్చు. ఇందులో తెలివంతా ఆగడంలో ఉంది. బాణం వచ్చీరాగానే చీటీ లేవదు. అర సెకను, అంటే 500 మిల్లీసెకన్లు, కదలకుండా ఉంటేనే లేస్తుంది. లేచాక 5 సెకన్లు ఉండి పోతుంది. ఒక బటన్ నుంచి పక్క బటన్‌కి జరిగితే ఈసారి సెకనులో పదో వంతే ఆగుతుంది. వీడికి చదివే ఉద్దేశం ఉంది కదా, మళ్లీ ఎందుకు ఆలస్యం అని! ఈ అంకెలు కూడా గాలిలోంచి తీసినవి కావు. వాడేవాళ్లు డబుల్ క్లిక్ ఎంత వేగంగా చేస్తారో కంట్రోల్ ప్యానెల్‌లో పెట్టుకున్న లెక్కే వీటికి ఆధారం. చెయ్యి నెమ్మదిగా ఆడేవాళ్లు ఆ వేగం తగ్గించుకుంటే చీటీ కూడా నెమ్మదిగా లేచి, ఎక్కువసేపు ఉంటుంది.

ఒకటే గేటు, వెయ్యి ఫ్లాట్లు

మరి జాబితా దగ్గర చిక్కేమిటి? విండోస్ దృష్టిలో ప్రతి బటన్‌కీ సొంత చిరునామా ఉంటుంది. వీధిలో విడివిడిగా ఉన్న ఇళ్లలాగా. ఏ ఇంటి గుమ్మం ముందు ఎవరు నిలబడ్డారో ఇట్టే తెలుస్తుంది. జాబితా అలా కాదు, అది అపార్ట్‌మెంట్. లోపల వెయ్యి ఫ్లాట్లున్నా బయటికి ఒకటే గేటు, ఒకటే చిరునామా. మౌస్ వచ్చిందన్న కబురు గేటు దాకానే వస్తుంది. లోపల ఏ అంతస్తులో, ఏ తలుపు ముందు ఆగిందో వాచ్‌మ్యాన్ ఎవరైనా చూసి చెప్పాలి. ఆ వాచ్‌మ్యాన్ పని ప్రోగ్రామర్ నెత్తిన పడుతుంది.

1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6నే తీసుకుందాం. మైక్రోసాఫ్ట్ ఆ పనిముట్టుకి మద్దతు 2008లోనే ఆపేసినా, దాంతో రాసిన ప్రోగ్రాములు విండోస్ 11 మీద కూడా నడుస్తాయి. అందులోని లిస్ట్‌బాక్స్‌కి 'టూల్‌టిప్ టెక్స్ట్' అని ఒక గడి ఉంది. అందులో ఏం రాస్తే అది మొత్తం జాబితాకి వర్తిస్తుంది. మొదటి పేరు మీద ఆపినా అదే, వందో పేరు మీద ఆపినా అదే. కాబట్టి మౌస్ కదిలినప్పుడల్లా బాణం ఎక్కడుందో చూసుకోవాలి. విజువల్ బేసిక్ ఆ కొలతని 'ట్విప్'ల్లో చెబుతుంది. అంగుళానికి 1440 ట్విప్‌లు. విండోస్‌కేమో తెర మీది చుక్కలు, అంటే పిక్సెళ్ల లెక్క కావాలి. మామూలు తెర మీద 15 ట్విప్‌లు ఒక పిక్సెల్. ఆ భాగహారం చేసి, 'ఈ చోట ఉన్న వరస ఎన్నోది?' అని విండోస్‌ని అడగాలి. అది ఓ నంబరు చెబుతుంది. ఆ నంబరున్న పేరుకి సంబంధించిన వివరం తీసి టూల్‌టిప్ గడిలో పెట్టాలి. ఇదంతా మౌస్ కదిలిన ప్రతిసారీ జరగాలి.

ఇక్కడే కొందరు అతి తెలివికి పోతారు. విండోస్‌ని అడగడమెందుకు, బాణం ఎంత కింద ఉందో దాన్ని ఒక వరస ఎత్తుతో భాగిస్తే సరిపోదా అని. సరిపోతుంది, జాబితాని పైకి కిందికి జరపనంత వరకు. స్క్రోల్ చేసి 40వ పేరు దాకా వెళ్లారనుకోండి, తెర మీద పైనున్నది 40వ పేరు. లెక్కలో మాత్రం అది మొదటి పేరే. కనిపించేది ఒక పేరు, చీటీ చెప్పేది ఇంకో పేరు గురించి! పైన ఎన్ని వరసలు దాటిపోయాయో కూడితేనే లెక్క సరి.

జావాలో ఇంకో రకం. 1998 డిసెంబరులో వచ్చిన జావా 1.2 నుంచీ 'స్వింగ్' అనే సరంజామా అందులో భాగం. దాంట్లోని జేలిస్ట్‌ని 'ఈ చోట ఎన్నో వరస ఉంది?' అని అడిగితే, ఆ చోట ఏమీ లేకపోయినా దగ్గర్లో ఉన్న వరస నంబరు చెప్పేస్తుంది. జాబితాలో నాలుగే పేర్లుండి కింద సగం ఖాళీగా ఉంటే, ఆ ఖాళీలో బాణం ఆపినా నాలుగో పేరు చీటీ లేస్తుంది. లేని తలుపు కొడితే పక్కింటాయన పలికినట్టు. ఆ వరస హద్దులు విడిగా అడిగి, బాణం నిజంగా వాటి లోపలే ఉందా అని చూసుకోవాలి. జేలిస్ట్‌కి ఇంకో అలకా ఉంది. మొత్తం జాబితా మీద ఉన్న చీటీని తీసేద్దామని అక్కడ 'శూన్యం' పెడితే, చీటీలు పంచే మేనేజరు దగ్గర జాబితా పేరే కొట్టేస్తారు. ఇక ఒక్కో వరసకీ విడిగా పెట్టుకున్న చీటీలు కూడా రావు. కారణం తెలియక బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్లకి లెక్క లేదు.

మిగతావాటి సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. 2005లో వచ్చిన డాట్‌నెట్ 2.0లో లిస్ట్‌వ్యూలోని ఒక్కో అంశానికీ చీటీ రాసుకునే వీలుంది. కాకపోతే 'అంశాల చీటీలు చూపించు' అనే మీట ముందుగా ఆపేసి ఉంటుంది. దాన్ని వెయ్యకుండా ఎన్ని చీటీలు రాసినా ఒక్కటీ లేవదు. లినక్స్ వైపు జీటీకేలో వరస వరసకీ చీటీ సులువుగా పెట్టే ఏర్పాటు 2007లో, 2.12 వెర్షన్‌తో గానీ రాలేదు. క్యూటీ వాడేవాళ్లు అదృష్టవంతులు, అంశానికి ఒక్క లైను రాస్తే సరి.

చేతిలో మౌస్ లేనివాళ్లు

ఇదంతా ప్రోగ్రామర్ల గొడవ, మామూలు మనుషులకెందుకు అనుకోవచ్చు. ఓ మందుల షాపుని ఊహించుకోండి. సాయంత్రం ఏడు గంటలు, కౌంటర్ ముందు పదిమంది. కంప్యూటర్లో మందుల జాబితా వెడల్పు చాలక పేర్లు సగంలో తెగి, చివర మూడు చుక్కలు పడ్డాయి. రక్తపోటుకి వాడే మెటోప్రోలాల్‌లో రెండు రకాలున్నాయి. టార్ట్రేట్ రకాన్ని మామూలుగా రోజుకి రెండుసార్లు వేసుకోమంటారు. సక్సినేట్ రకం నెమ్మదిగా కరిగేది, రోజుకి ఒకటే. తెర మీద రెండూ 'మెటోప్రోలాల్...' అనే కనిపిస్తాయి. పేరు చివర ఉండాల్సిన 25, 50, 100 అనే మోతాదు అంకెలు ఆ చుక్కల వెనకాల ఎక్కడో ఉంటాయి.

షాపు యజమాని సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాణ్ణి పిలిచాడనుకుందాం.

"ఏవయ్యా, పేరు సగమే కనబడుతుంటే ఎట్లాగ?"

"ఏం పర్లేదు సార్, మౌస్ దాని మీద పెడితే పూర్తి పేరు వస్తుంది. మొన్ననే పెట్టాను."

"నా చేతిలో మౌస్ ఎక్కడుంది బాబూ? ఓ చేతిలో డాక్టర్ చీటీ, ఇంకో చేతిలో మాత్రల స్ట్రిప్పు. ఉన్న ఒక్క వేలితో కింది బాణం మీట నొక్కుకుంటూ పోతాను."

పెద్దాయన మాటలో టూల్‌టిప్ బలహీనత మొత్తం ఉంది. కీబోర్డు మీద బాణం మీటలతో జాబితాలో దిగుతూ పోతే ఎంపిక మారుతుంది గానీ, మౌస్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. చీటీ లేవదు. ఇంకా ఘోరం ఏమిటంటే, మౌస్ బాణం ఏదో వరస మీద ఊరికే పడి ఉండి, కీబోర్డు ఎంపిక మరో వరస మీద ఉంటే, లేచిన చీటీ ఒకదానిదీ వెలుగుతున్న వరస ఇంకొకదానిదీ అవుతుంది. స్క్రోల్ లెక్క తప్పిన ప్రోగ్రామ్ అయితే ఇక చెప్పనక్కరలేదు. చీటీ అసలు లేకపోతే మనిషి స్ట్రిప్పు మీద పేరు చదువుకుంటాడు. తప్పు చీటీ ఉంటే కంప్యూటరే చెప్పింది కదా అని నమ్ముతాడు.

ఒకేలా కనిపించే మందుల పేర్ల బెడద ఎంతటిదంటే, అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2001లో దీని కోసమే ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. రక్తపోటు మందు హైడ్రాలజిన్, దురదకి వాడే హైడ్రాక్సిజిన్, ఇలాంటి జంటల్లో తేడా ఉన్న అక్షరాలని మాత్రం పెద్ద ఇంగ్లీషు బడి అక్షరాలతో రాయమని కంపెనీలని కోరింది. తేడా కంటికి తగలాలన్నది ఉద్దేశం. అలాంటి తేడాని తీసుకెళ్లి అర సెకను ఆగితే గానీ లేవని చీటీలో దాచడం ఏం తెలివి? మోతాదు, రకం, గడువు తేదీ, ఇవి వరసలోనే కనిపించాలి. గడి వెడల్పు పెంచాలి, లేదంటే పేరు రెండు వరసల్లో రాయాలి, అదీ కాదంటే పేరు మధ్యలో చుక్కలు పెట్టి చివరి అంకెలు మిగల్చాలి. కంపెనీ పేరు, ఏ బీరువాలో ఏ అరలో ఉంది, పాత ధర ఎంత, ఇలాంటివి చీటీకి వదిలెయ్యొచ్చు. చూడకపోయినా కొంప మునగనివే చీటీలో ఉండాలి.

చూపు లేనివాళ్లకి తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, 2006లో ఆస్ట్రేలియాలో పుట్టింది. అందులో టూల్‌టిప్‌లు చదివే మీట ముందుగా ఆపేసే ఉంటుంది. వేలితో తాకే తెరలున్న టాబ్లెట్లలో 'మీద ఆపడం' అన్నదే లేదు, తాకితే నొక్కినట్టే. చెయ్యి వణికే పెద్దవాళ్లు అర సెకను కదలకుండా ఆపడం ఎంత కష్టమో ఇంట్లో తాతగారిని కూర్చోబెట్టి చూస్తే తెలుస్తుంది. 2018లో వెబ్ పేజీల కోసం వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 నియమాల్లో దీనికి మూడు షరతులు పెట్టారు. అడ్డొచ్చిన చీటీని మౌస్ కదపకుండానే మూసే వీలుండాలి, బాణాన్ని చీటీ మీదికి తీసుకెళ్లినా అది మాయం కాకూడదు, చదివేవాళ్లు తప్పుకునేదాకా దానంతటది పోకూడదు. వెబ్ కోసం రాసినవే అయినా మామూలు ప్రోగ్రాములకీ పనికొచ్చే మాటలు. ముఖ్యంగా జాబితాల్లో లేచిన చీటీ కింది రెండు వరసల్ని కప్పేస్తుంది. తర్వాత చదవాల్సినవి సరిగ్గా అవే!

తెలుగు దగ్గరికొచ్చేసరికి

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. యూనికోడ్ తెలుగు ఇంకా అలవాటు కాని రోజుల్లో తెలుగు జాబితాలు చూపించాలంటే డీటీపీ సెంటర్లలో వాడే అను లాంటి ఫాంట్లే దిక్కు. లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు బొమ్మలు తొడిగేది ఫాంటు. జాబితాకి ఆ ఫాంటు పెడితే పేర్లు చక్కగా తెలుగులో కనిపించేవి. దాని మీద మౌస్ ఆపితే? టూల్‌టిప్ విండోస్ సొంత ఫాంటునే వాడుకుంటుంది. ఎక్స్‌పీలో అది తహోమా. కాబట్టి పసుపు చీటీలో తెలుగు తొడుగు ఊడిపోయి, అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల కుప్ప బయటపడేది. వైరస్ వచ్చిందేమోనని భయపడ్డా ఆశ్చర్యం లేదు.

సరే, యూనికోడ్ తెలుగు వాడదామంటే విజువల్ బేసిక్ 6 మొరాయిస్తుంది. దాని లిస్ట్‌బాక్సులూ చీటీలూ పాతకాలపు కోడ్ పేజీల మీద నడిచేవి. విండోస్‌లో తెలుగుకి అలాంటి కోడ్ పేజీ అసలు లేదు, ఉన్నది యూనికోడ్ ఒక్కటే. దాంతో ప్రతి తెలుగు అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం పడుతుంది. 2002లో డాట్‌నెట్ వచ్చాక గానీ ఆ ప్రశ్నలకి జవాబు దొరకలేదు. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, అయినా ప్రాంతీయ భాషల సెట్టింగుల్లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించుకుంటే తప్ప తెలుగు సరిగా అతికేది కాదు.

అదీ అయ్యాక మిగిలిన చిక్కు కత్తిరింపుది. పేరు పొడవైతే మొదటి కొన్ని అక్షరాలు ఉంచి మూడు చుక్కలు పెట్టు, పూర్తి పేరు చీటీలో చూపించు అని రాస్తారు. ఇంగ్లీషుకి బాగానే ఉంటుంది. తెలుగులో కంటికి ఒకటిగా కనిపించే 'శ్రీ' లోపల నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. సంకేతాలు లెక్కపెట్టి కత్తి వేస్తే 'లక్ష్మి'లో నాలుగు ఉంచినప్పుడు 'లక్ష' మిగులుతుంది, ఐదు ఉంచితే 'లక్ష్' అవుతుంది. 'వరలక్ష్మి' ఆరు దగ్గర తెగితే 'వరలక్ష'. అమ్మవారు కాస్తా అంకె అయిపోతుంది! కంటికి కనిపించే అక్షరాల గుంపుల్ని లెక్కపెట్టే ఏర్పాట్లు డాట్‌నెట్‌లోనూ జావాలోనూ ఉన్నాయి. వాడాలన్న ధ్యాస ఉండాలంతే.

దానికి తోడు మన పేర్ల తీరు ఒకటి. ఇంటిపేరు ముందొచ్చి, ఆ తర్వాత 'వెంకట' వచ్చి, అసలు పిలిచే పేరు చివరికి చేరుతుంది. ఒకే ఇంటిపేరున్న ఊళ్లో రేషన్ జాబితానో, బ్యాంకు ఖాతాల జాబితానో తెరిస్తే గడిలో పట్టేది ఇంటిపేరూ 'వెంకట స...' మాత్రమే. వెంకట సత్యనారాయణా, వెంకట సుబ్బారావా, వెంకట సరస్వతా? ఇలాంటి జాబితాలకి చీటీ నిజంగా అవసరం. అందులోనూ పేరు తెగినప్పుడు మాత్రమే లేచే చీటీ. గడిలో పూర్తిగా కనిపిస్తున్న పేరునే మళ్లీ చీటీలో చూపడం విన్నవాడికే వినిపించడం. విండోస్ లిస్ట్‌వ్యూలో ఈ తేడా తెలిసిన రెండు వేరువేరు ఏర్పాట్లున్నాయి. తెగిన పేరుని పూర్తిగా చూపేది ఒకటి, అదనపు వివరం చెప్పేది ఇంకొకటి. రెండోదానిలో ఇంకో సుఖం ఉంది. వెయ్యి చీటీలూ ముందే రాసి పెట్టుకోనక్కరలేదు. బాణం ఆగినప్పుడు 'దీనికి ఏం చెప్పను?' అని ప్రోగ్రామ్‌ని విండోసే అడుగుతుంది, అప్పుడు ఆ ఒక్కటి రాసిస్తే చాలు. అయితే ఆ ఒక్కటి తేవడానికి దూరంగా ఉన్న సర్వర్ దాకా వెళ్లిరావాలంటే మాత్రం బాణం ఆగిన చోట తెర కూడా ఆగిపోతుంది.

సొంత చేతుల్తో రాసుకునేవాళ్లు ఇంకొక్కటి చూసుకోవాలి. మౌస్ వెంట్రుకవాసి కదిలినా చీటీలో మాటని మళ్లీ పెడుతూ పోతే అది ట్యూబ్‌లైట్ స్టార్టర్ పోయినట్టు మిణుకుమిణుకుమంటుంది. వెనకటి వరస నంబరు గుర్తుంచుకుని, వరస మారితేనే మాట మార్చాలి.

ఈ చీటీలంటేనే గిట్టనివాళ్లకి కూడా విండోస్‌లో ఓ దారి ఉంది. ఫైళ్ల మీద బాణం ఆగినప్పుడల్లా రకం, సైజు, మార్చిన తేదీ అంటూ లేచే చీటీ వద్దనుకుంటే, ఎక్స్‌పీలో టూల్స్ మెనూలోని ఫోల్డర్ ఆప్షన్స్‌కి వెళ్లి 'వ్యూ' పేజీలో చూసేవాళ్లు. విండోస్ 11లో అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన మూడు చుక్కలు నొక్కి ఆప్షన్స్, అందులో అదే 'వ్యూ'. ఫోల్డర్లకీ డెస్క్‌టాప్ అంశాలకీ పాప్-అప్ వివరణ చూపించు అన్న గడిలో టిక్కు తీసేస్తే చాలు. అది ఫైళ్లకీ ఫోల్డర్లకీ మాత్రమే. మిగతా ప్రోగ్రాముల చీటీలు దాని మాట వినవు.